మేడ మీద గది పని: 2020 మార్చి నుంచి జులై దాకా

మార్చి 29, ఆదివారం

భోజనాలయ్యాక మావయ్యగారు తాళాల గుత్తి తీసుకుని మేడ మీదకు వెళ్లారు. ఎంతసేపటికీ దిగకపోతే నేనూ వెళ్లాను. ఎప్పుడోగానీ తెరవని గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఆయన ముక్కాలిపీట ఎక్కి, చిన్న సుత్తితో పైకప్పును టక్ టక్‌మని కొడుతున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి. దిగమన్నాను. "ఆగమ్మా, ఈ చప్పుడు విను" అన్నారు. ఒకచోట రాయి మీద కొట్టినట్టు వినిపించింది. జానెడు పక్కకి జరిగితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఉంది. "ఇక్కడ డొల్ల. లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బింది. అది స్లాబుని నెట్టేస్తోంది" అన్నారు.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. 1991లో మావయ్యగారు షిప్‌యార్డులో ఫిట్టరుగా ఉన్నప్పుడు కట్టించిన ఇల్లు. కింద రెండు పడకగదులు. మేడ మీద పది బై పన్నెండు గది ఒకటి, దాని పక్కనే చిన్న బాత్‌రూం. మెట్లు బయట నుంచే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పై గది కిటికీ రెక్కలు ఊడి ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు. వాన రోజంతా లోపలికి కొట్టింది. కింద భాగం ఆ సంక్రాంతికల్లా బాగు చేయించుకున్నాం. పైన మాత్రం తర్వాత చూద్దామని కిటికీకి ప్లైవుడ్ చెక్క కొట్టి వదిలేశాం. పాత ఉయ్యాల, పనికిరాని సామాను, పిల్లల పుస్తకాలు అందులోకి చేరాయి. అయిదున్నరేళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు చూడక తప్పదు. మా ఆయన ఓడలో థర్డ్ ఇంజినీరు. సెప్టెంబరులో ఎక్కారు. ఆర్నెల్ల కాంట్రాక్టు, ఈ నెలాఖరుకి దిగాలి. కరోనా వల్ల 22వ తేదీ నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఎప్పుడు దిగనిస్తారో ఓడలో ఎవరికీ తెలీదట. వచ్చినా పద్నాలుగు రోజులు వేరుగా ఉండాలి. విదేశాల నుంచి వచ్చినవాళ్ల ఇళ్లకి నోటీసులు అతికిస్తున్నారు. కింద రెండు గదుల్లో మేం అయిదుగురం. అత్తయ్యకి ఆయాసం, షుగరు రెండూ ఉన్నాయి. "వాడొస్తే ఎక్కడుంటాడు? ఇక్కడే ఉండాలి. ఇది నిలబెట్టాలి" అని మావయ్యగారు పీట దిగారు.

సాయంత్రం సుద్దముక్కతో డొల్ల ఉన్నచోటల్లా గుర్తులు పెట్టాం. మొత్తం ఏడు. మా పెద్దమ్మాయి ఆరో తరగతి గ్రాఫ్ నోట్‌బుక్‌లో గది పటం గీసి, ఏడు చోట్లా ఎర్ర పెన్సిల్‌తో దిద్దింది. ఈ డైరీ రాయమన్నది కూడా అదే.

ఏప్రిల్ 2, గురువారం

శ్రీరామనవమి. వీధిలో పందిరి లేదు. ఇంట్లోనే పానకం, వడపప్పు. పని మధ్యాహ్నం నుంచి.

మూడు రోజులుగా ఒకటే పని. డొల్ల ఉన్న పెచ్చులను ఉలితో రాల్చడం. నేను అనుకున్నది, వదులుగా ఉన్నది తీసేసి సిమెంటు పూసేస్తే అయిపోతుందని. మావయ్యగారు ఒప్పుకోలేదు. పెచ్చు ఊడి రాడ్డు కనిపించాక, తుప్పు ఆగి మంచి ఇనుము మొదలయ్యే దాకా రెండు పక్కలా ఇంకా తవ్వాలట. రాడ్డు వెనక వేలు దూరేంత ఖాళీ రావాలట. ఒకచోట బెత్తెడు అనుకున్నది మూరెడయింది. చూస్తుంటే నాకు భయమేసింది. గది పాడు చేస్తున్నామేమో అనిపించింది.

ఆయన చెప్పింది ఇక్కడ రాసుకోవాలి. కాంక్రీటులో ఉన్నంతకాలం ఇనుముకి ఏమీ కాదు. సిమెంటుకి ఉండే క్షారగుణం ఇనుము చుట్టూ ఒక పొరలా కాపాడుతుంది. కానీ మన సముద్రపు గాలిలో ఉప్పుంది. ఏళ్ల తరబడి అది సన్నటి బీటల్లోంచి, నెమ్ముతో పాటు లోపలికి దిగి ఆ పొరని తినేస్తుంది. తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కప్పుని చీల్చేది ఆ ఉబ్బే. పైన ఎంత రంగు వేసినా లోపల అది ఆగదు. "షిప్‌యార్డులో పెయింటరు పని పెయింటు వెయ్యడం కాదమ్మా, పాతది తియ్యడం. వెయ్యడం ఒక పూట, తియ్యడం వారం."

ఆయనకు ముక్కుకి అత్తయ్య పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి కట్టాను. మొదటి రోజు ఒద్దన్నారు, రెండో రోజు తనే అడిగి కట్టించుకున్నారు. కళ్లకి మా ఆయన హెల్మెట్ అద్దం. పీట మాత్రం ఎక్కనివ్వడం లేదు. ఆయన కింద కుర్చీలో కూర్చుని చెప్తారు, ఉలి పట్టుకునేది నేను. భుజాలు రాత్రంతా లాగుతున్నాయి.

ఏప్రిల్ 5, ఆదివారం

ప్రధాని పిలుపు మీద రాత్రి తొమ్మిదింటికి దీపాలు ఆర్పి, ప్రమిదలతో అందరం మేడ మీద నిలబడ్డాం. చుట్టుపక్కల మేడలన్నిటి మీదా చిన్న చిన్న వెలుగులు. ఊళ్లో కరెంటు దీపాలు తగ్గేసరికి సముద్రం మీద లంగరేసి ఉన్న ఓడల దీపాలు ఎప్పుడూ లేనంత స్పష్టంగా కనిపించాయి. చిన్నాడు లెక్కపెట్టాడు, పదకొండు. "నాన్న ఓడ కూడా వీటిలో ఉందా?" అని అడిగాడు. లేదని చెప్పాను. ఆ ఓడ ఇనుప ఖనిజంతో చైనా వెళ్లే దారిలో ఉంది.

ఏప్రిల్ 9, గురువారం

అన్ని రాడ్లూ బయటపడ్డాయి. వైర్ బ్రష్‌తో తోముతున్నాం. బ్రష్ ఒక్కటే ఉంది, అదీ మావయ్యగారి పాత రేకు పెట్టెలోది. ఆ పెట్టె ఈ నెలలోనే మొదటిసారి పూర్తిగా తెరిచి చూశాను. చిప్పింగ్ సుత్తులు రెండు, స్పానర్లు, గుడ్డలో చుట్టిన వెర్నియర్ కాలిపర్ ఒకటి. 2006లో రిటైరైనప్పటి నుంచి ఏటా దసరాకి నూనె రాసి మళ్లీ చుట్టి పెడుతున్నారట.

ఆ కాలిపర్‌తో కొలిచాం. ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్డు, బాగా తిన్నచోట ఏడున్నర ఉంది. పెద్దదానికి లెక్క ఇచ్చాను. వ్యాసం అంత తగ్గితే రాడ్డు కోసిన ముఖం వైశాల్యం ఎంత తగ్గినట్టు? అరగంట కూర్చుని నూటికి పన్నెండు అని చెప్పింది. ఎదురింట్లో రిటైరైన సివిల్ ఇంజినీరు గారున్నారు. ఫొటోలు, కొలతలు ఫోన్‌లో పంపాం. వీధికి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం. ఇంత వరకు ఫరవాలేదు, గది మీద ఇంకో గది వేసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి అన్నారు. ఇంకా ఎక్కువ తినేసి ఉంటే కొత్త రాడ్డు కట్టాల్సి వచ్చేదట, ఆ పని మనవల్ల కాదు. ఈ మాట అడగకుండా సిమెంటు పూసి ఉంటే ఆ కప్పు కింద ఎవరినీ పడుకోబెట్టే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఏప్రిల్ 14, మంగళవారం

లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు. పొద్దున్న ఆ వార్త విన్నాక ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడలేదు. మా స్కూలు ఈ నెల నుంచి సగం జీతమే ఇస్తామని నిన్న చెప్పింది.

పనిలో కూడా ఎదురుదెబ్బ. మెట్ల కింద అర బస్తా సిమెంటు ఉంటే, దుకాణాలు తెరిచేదాకా ఎందుకు ఆగడమని శనివారం దానితోనే రెండు చోట్ల పూశాను. ఉండలు కట్టి ఉంది. జల్లెడ పట్టి పొడి వాడాను. మావయ్యగారు వద్దనే అన్నారు, నేనే పట్టుబట్టాను. ఈ రోజు గోటితో గీకితే ఇసుకలా రాలిపోతోంది. నెమ్ము పీల్చి గట్టిపడిన సిమెంటు మళ్లీ పట్టదు. రెండూ తీసేశాను. తీస్తున్నంతసేపూ ఆయన ఒక్క మాట అనలేదు. ఆ రెండు చోట్లా రాడ్డు మళ్లీ తోమి ఇచ్చారు.

ఇసుక సంగతి కూడా ఇక్కడే రాస్తాను. చిన్నాడు, "బీచ్‌లో బోలెడు ఇసుకుంది కదా తాతయ్యా" అన్నాడు. బీచ్‌కి వెళ్లనివ్వరు, అది వేరే విషయం. వెళ్లనిచ్చినా ఆ ఇసుక వాడకూడదు. అందులో ఉప్పుంటుంది, ఏ ఉప్పుతో ఇంత గొడవ వచ్చిందో దాన్నే మళ్లీ రాడ్డు చుట్టూ పూసినట్టు అవుతుంది. తాతయ్య వాడి చేత బీచ్‌లో ఏరుకున్న గవ్వను కడిగించి, ఆ నీళ్లు నాలిక మీద పెట్టుకోమన్నారు. వాడికి అర్థమైంది. వెనక వీధిలో కట్టుబడి ఆగిపోయిన ఇంటి యజమానికి ఫోన్ చేస్తే, ఏటి ఇసుక నాలుగు తట్టలు తీసుకోమన్నారు. డబ్బు వద్దన్నారు.

ఏప్రిల్ 26, ఆదివారం

అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం. ఏటా ఈ రోజు అప్పన్న నిజరూప దర్శనానికి అత్తయ్య అర్ధరాత్రి నుంచే క్యూలో నిలబడతారు. పెళ్లయిన కొత్తలో నన్నూ తీసుకెళ్లారు. ఈ ఏడు భక్తులెవరినీ రానివ్వలేదు, అర్చకులే ఏకాంతంగా చేశారు. అత్తయ్య పొద్దున్నే సాన మీద చందనం అరగదీసి ఇంట్లో పటానికి అద్దారు. మిగిలిన చందనం గిన్నె నాకిచ్చి, "ఆ గది గుమ్మానికి కూడా పెట్టు" అన్నారు. పెట్టాను.

కిటికీ చట్రం బాగానే ఉంది, టేకు. రెక్కలు లేవు. పాత మంచం చెక్కలతో రెండు రెక్కలు చేద్దామని మావయ్యగారు కొలతలు తీశారు. గ్రిల్‌ తుప్పు ఉప్పుకాగితంతో పిల్లలిద్దరూ రుద్దుతున్నారు. రుద్దినందుకు కడ్డీకి ఒక్క మామిడి ముక్క చొప్పున ఒప్పందం.

మే 7, గురువారం

ఈ రోజు పని ఏమీ లేదు. అయినా రాయాలి.

తెల్లవారుజామున నాలుగున్నరకి మా చెల్లి ఫోన్. వాళ్లుండేది గోపాలపట్నం. ఆర్.ఆర్. వెంకటాపురం వాళ్లకి దగ్గర. అక్కడి కర్మాగారంలో గ్యాస్ లీకైందని, కళ్లు మండుతున్నాయని, బయట జనం పరిగెడుతున్నారని ఏడుస్తూ చెప్పింది. తడిగుడ్డలు ముక్కుకి కట్టుకుని వెంటనే బయల్దేరమన్నాను. ఫోన్ పెట్టేశాక కాళ్లు వణికాయి. అత్తయ్య అప్పటికే లేచి వీధి గేటు తాళం తీసి, అక్కడే నిలబడ్డారు. నెల పదిహేను రోజులుగా ఆ గేటు దాటి ఎవరినీ లోపలికి రానివ్వని మనిషి. ఆవిడ ఆయాసానికి భయపడి నేను, వాళ్లని ముందు పైకి పంపుదామా అని అడిగితే, "ముందు రానీ" అన్నారు.

ఆరింటికి చెల్లి, మరిది, నాలుగేళ్ల పాప స్కూటర్ మీద వచ్చారు. పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. పెరట్లోనే స్నానాలు చేయించి, బట్టలు మార్పించాం. ఏడింటికల్లా పాప తేరుకుని పాలు తాగింది. అప్పటికి టీవీలో రోడ్డు మీద పడిపోయిన మనుషులను, పశువులను చూపిస్తున్నారు. స్టైరీన్ అనే రసాయనం అంటున్నారు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారునే పాకుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు అందుకే తప్పించుకోలేకపోయారు.

వాళ్లని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నే రాలేదు. మావయ్యగారూ మరిదీ కలిసి పై గదిలో సామానంతా ఒక పక్కకి నెట్టి, కింద పరుపు వేశారు. కప్పుకి ఏడు గుంతలు, కిటికీకి రెక్కలు లేవు. అయినా గాలి బాగా వచ్చింది. రాత్రి మళ్లీ లీకవుతోందని పుకారు పుట్టింది. ఊళ్లో జనం బళ్ల మీద బీచ్ రోడ్డు వైపు పోతున్న చప్పుడు మేడ మీదకి వినిపిస్తూనే ఉంది. చెల్లి నిద్రపోలేదు. పిట్టగోడ దగ్గర నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చనిపోయినవాళ్లు పన్నెండు మంది అని తేలింది.

మే 13, బుధవారం

చెల్లి వాళ్లు సోమవారం వెళ్లారు. మరిది ఉన్న నాలుగు రోజుల్లో కిటికీ రెక్కలు రెండూ చేసి బిగించేశాడు. ఇంట్లో వడ్రంగం తెలిసిన మనిషి అతనొక్కడే అని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

హార్డ్‌వేర్ దుకాణం పొద్దున పూట తెరుస్తున్నారు. షట్టరు సగం ఎత్తి, బల్ల అడ్డం పెట్టి, చీటీ ఇస్తే సామాను బయటకి అందిస్తున్నారు. కొత్త సిమెంటు ఒక బస్తా, రాడ్లకి జింక్ ప్రైమర్ చిన్న డబ్బా, గ్రిల్‌కి రెడ్ ఆక్సైడ్, నల్ల ఎనామిల్, సిమెంటులో కలిపే ఎస్‌బీఆర్ లేటెక్స్ ఒక లీటరు, పైకప్పుకి తెల్ల వాటర్‌ప్రూఫ్ కోటింగు పది లీటర్లు, ఫైబర్ జాలీ ఒక చుట్ట. రెడ్ ఆక్సైడే రాడ్లకి కూడా వేసేద్దామని ఉన్నా, మావయ్యగారు వద్దన్నారు. నూనె రంగు మీద సిమెంటు సరిగ్గా పట్టదట.

బస్తా మేడ మీదకి ఎవరు మోస్తారు? ఆయన మొయ్యకూడదు, నేను మొయ్యలేను. సామానులో అత్తయ్య పుట్టింటి నూతి గిలక దొరికింది. అనకాపల్లి దగ్గర ఊళ్లో నుయ్యి పూడ్చేసినప్పుడు ఆవిడ గుర్తుగా తెచ్చుకున్నది. మావయ్యగారు దానికి గ్రీజు పెట్టి, పిట్టగోడ పక్కనున్న ఇనుప పైపుకి కట్టారు. బకెట్లో కొద్ది కొద్దిగా సిమెంటు, ఇసుక, నీళ్లు అన్నీ దానితోనే లాగాం. కింద నింపేది పెద్దది, పైన లాగేది నేను. గిలక తిరుగుతుంటే వచ్చే ఆ కిర్రుమన్న చప్పుడుకి అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చి, కాసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డారు.

మే 17, ఆదివారం

మూడు రోజులు పూత పని. ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ల ఇసుక, నీళ్లలో లేటెక్స్. గుంతను ముందు తడపాలి, తడిగా ఉండగానే లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు బ్రష్‌తో రుద్దాలి, అది ఆరకముందే ముద్ద కొట్టాలి. తలపైన పని కాబట్టి మొదట కొట్టిందంతా నా మొహం మీదే పడింది. లోతున్నచోట ఒకేసారి నింపితే బరువుకి జారిపోతోంది. వేలు మందం చొప్పున రెండు మూడు పొరలుగా వేస్తే నిలబడింది. ఒక్కో పొర మీద తాపీ మొనతో గీతలు పెట్టాలి, పై పొర పట్టుకోడానికి.

ఏడు గుంతలూ పూడాయి. మట్టంగా లేవు, చూస్తే తెలుస్తుంది. సుత్తితో కొడితే మాత్రం ఏడు చోట్లా రాయి మీద కొట్టిన చప్పుడే. నాకు అది చాలు.

రాత్రి ఓడ నుంచి వీడియో కాల్ కలిసింది, మూడు నిమిషాలు. గది చూపించాను. "మా డెక్ మీద రోజూ ఇదే పని" అన్నారు ఆయన. గడ్డం పెరిగి ఉంది. చూపంతా కప్పు మీద కాదు, వెనకాల నిలబడ్డ వాళ్ల నాన్నగారి మీదే ఉంది. "నాన్నా, మీరు పీట ఎక్కడం లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు.

మే 20, బుధవారం

అంఫాన్ తుపాను. మన మీదకి రాలేదు, బెంగాల్ వైపు తీరం దాటింది. ఇక్కడ సముద్రం మాత్రం రెండు రోజులుగా అల్లకల్లోలం. గాలి మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ హుద్‌హుద్ రోజే గుర్తొచ్చింది. కొత్త కిటికీ రెక్కలకి తాళ్లు కూడా కట్టాం. ఏమీ కాలేదు. కప్పు పూతలకి రోజూ మూడుసార్లు నీళ్లు చల్లడం మాత్రం ఆపలేదు. కనీసం వారం తడిపితేగానీ సిమెంటుకి బలం రాదు.

మే 30, శనివారం

పైకప్పు పని. గది మీదకి ఇనుప నిచ్చెన. ఎండకి ముందు పొద్దున్న అయిదున్నర నుంచి ఎనిమిది దాకానే చెయ్యగలం. పాచి అంతా గీకి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టాం. బీటలను వెడల్పు చేసి లేటెక్స్ సిమెంటుతో నింపాం. గది కప్పు మీద పిట్టగోడ, స్లాబు కలిసే మూల చుట్టూ ఏటవాలుగా పట్టీ కట్టాం. నీళ్లు చేరేది ఎక్కువగా ఆ మూలలోంచే. తర్వాత కోటింగు: మొదటిది నీళ్లు కలిపి పల్చగా, రెండోది ఫైబర్ జాలీ పరిచి దాని మీద, మూడోది అడ్డంగా. కోటుకి కోటుకి మధ్య ఒక పూట.

కోటింగు మిగల్లేదు, మిగతా మేడకి సున్నం వేశాం. రాతి సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, తుమ్మజిగురు కలిపాం. చిన్నాడు దీని మీద సొంతంగా ప్రయోగం చేశాడు. సాయంత్రం నాలుగింటికి చెప్పుల్లేకుండా మేడ మీద నిలబడి, కాలు ఎత్తేదాకా అంకెలు లెక్కపెట్టడం. సున్నం వెయ్యక ముందు తొమ్మిది. వేశాక నలభై దాటినా నిలబడే ఉన్నాడు. కింద మా గదిలో రాత్రిపూట ఫ్యాను గాలి కూడా ఇప్పుడు వేడిగా రావడం లేదు.

జూన్ 9, మంగళవారం

నీళ్లు నిలబెట్టి చూశాం. తూముకి గుడ్డ కుక్కి, కప్పు మీద రెండంగుళాల నీళ్లు. నలభై ఎనిమిది గంటలు ఉంచాలన్నది ఇంజినీరు గారి మాట. ఇరవయ్యో గంటకి గది ఈశాన్యం మూల రూపాయి బిళ్లంత తడి. ఏడుపొచ్చింది. మావయ్యగారు మాత్రం సంతోషించారు, ఇప్పుడే తెలిసింది వానలకి ముందే అని. చూస్తే తూము పైపు స్లాబులోంచి బయటికొచ్చే చోట చుట్టూ సన్నటి సందు. దాన్ని తవ్వి, నింపి, జాలీ చుట్టి మూడు కోట్లు వేశాం.

జూన్ 16, మంగళవారం

రెండోసారి నీళ్లు. నలభై ఎనిమిది గంటలు. పొడిగా ఉంది. పెద్దది తన పటంలో ఏడు ఎర్ర గుర్తుల మీదా, తూము మీదా ఆకుపచ్చ పెన్సిల్ పెట్టింది.

జూన్ 25, గురువారం

నావికుల దినోత్సవమట. ఓడలో కేక్ కోసిన ఫొటో పంపారు ఆయన. ఇలా కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ప్రపంచమంతా లక్షల్లో ఉన్నారు. తొమ్మిది నెలలు దాటాయి. ఫొటోలో నవ్వుతున్నది కేక్ పట్టుకున్న కుర్రాడొక్కడే.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. నేను పై గదిలో కూర్చుని చెప్తున్నాను. గోడలకి సున్నం, గ్రిల్‌కి నల్ల రంగు రెండో కోటు అయ్యాయి. మంచం, బల్ల పెట్టాం.

జులై 17, శుక్రవారం

వచ్చారు. 6న యూఏఈలోని ఫుజైరా రేవులో దిగి, దుబాయ్ నుంచి వందే భారత్ విమానంలో, అంటే విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం ప్రభుత్వం వేసిన విమానంలో. రూలు ప్రకారం ఏడు రోజులు సొంత ఖర్చుతో హోటల్లో, ఇంకో ఏడు ఇంట్లో. పరీక్ష నెగటివ్. వార్డు వాలంటీరు అమ్మాయి వచ్చి గేటుకి కాగితం అతికించి, రోజూ జ్వరం చూసి చెప్పమంది.

మేమందరం వరండాలో నిలబడ్డాం. ఆయన బయట మెట్ల మీద నుంచే నేరుగా పైకి వెళ్లాలి. చిన్నాడు పరుగు తియ్యబోతే పెద్దది చొక్కా పట్టుకుని ఆపింది. మెట్లెక్కుతూ సగంలో ఆగి, తిరిగి చూసి మళ్లీ ఎక్కారు. అత్తయ్య ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, చేపల పులుసు క్యారేజీలో సర్దారు. ఎలా పంపాలని మేం అనుకుంటుండగానే పైనుంచి గిలక చప్పుడు. బకెట్ కిందకి దిగింది.

రాత్రి ఫోన్‌లో, "కప్పు చూస్తూ పడుకున్నాను, ఏడు చోట్లూ లెక్కపెట్టాను" అన్నారు.

జులై 20, సోమవారం

నిన్న మధ్యాహ్నం మొదలైన వాన ఈ రోజు పొద్దున్న దాకా ఆగలేదు. రాత్రి మావయ్యగారు మూడుసార్లు లేచి ఫోన్ చేశారు, "పైన ఎలా ఉందిరా?" అని. కప్పు పొడిగానే ఉంది. తూము దగ్గర కూడా.

ఏడింటికి ఆయనే ఫొటో పంపారు. కిటికీ చట్రం కింద గోడ మీద చెయ్యంత తడి. పైన సన్‌షేడ్, గోడ కలిసే చోట బీట ఉంది. మేం చూడనే లేదు. మావయ్యగారు ఫొటోని పెద్దది చేసి చూసి, ముందు దాన్ని ఎంతవరకు తవ్వాలో చెప్పారు. ఆయన పైనుంచి, "ఇంకా నాలుగు రోజులు ఖాళీయే కదా, పంపండి" అన్నారు.

ఇడ్లీల క్యారేజీ పక్కన ఉలి, చిన్న సుత్తి, వైర్ బ్రష్ పెట్టాను. మావయ్యగారు అత్తయ్య చీర ముక్క నాలుగు మడతలు వేసి వాటి మీద పెట్టారు. తాడు లాగమని చిన్నాడు పైకి కేక వేశాడు.